ఫుల్ సైజు ఎవరిది?

నా అరచెయ్యి చిన్నది. నొప్పి పుట్టకుండా ఎంత చాపినా చూపుడువేలికీ చిటికెనవేలికీ మధ్య 11 సెంటీమీటర్లు దాటదు. నలభయ్యో ఏడు దాటేదాకా ఈ సంగతి నా దృష్టికే రాలేదు. రొట్టెలు ఒత్తడానికి సరిపోయింది. డెస్కులో కూచుని ఇరవై ఏళ్ళుగా వార్తలు దిద్దడానికి సరిపోయింది. తస్బీహ్ తిప్పడానికీ, పెన్ను పట్టడానికీ సరిపోయింది. బేస్ గిటారు ఎత్తుకున్న రోజున మాత్రం అది చాలదన్నారు. ఇంతకీ నా చెయ్యి చిన్నదా, వాళ్ళ గిటారు పెద్దదా?

ముస్లిం అస్తిత్వం గురించి రాయమంటే ఈమె గిటారు కథ మొదలుపెట్టిందేమిటని మీరనుకోవచ్చు. రాయాల్సినవి నాకూ తెలుసు. పేరు చెప్పగానే ఖాళీ లేదనే అద్దె ఇళ్ళ గురించి రాశాం. సినిమాల్లో సాయిబు పాత్ర నోట్లో కుక్కే వంకర తెలుగు గురించి రాశాం. మళ్ళీ మళ్ళీ రాయాల్సే వస్తుంది, రాస్తాం. కానీ వీటన్నిటి వెనకా ఒక కొలబద్ద ఉంది. అది ఎవరు తయారుచేశారో, ఎప్పుడు తయారుచేశారో ఎవరూ అడగరు. ఆ కొలబద్దని కళ్ళారా చూడటానికి నాకు ఒక వాద్యం సాయపడింది. అందుకే ఈ వ్యాసం.

మొదట, నాకెందుకీ పిచ్చి పట్టిందో చెప్పాలి. అబ్బాది నల్గొండ జిల్లా. అమ్మీ పాతబస్తీ పిల్ల. పెళ్ళయి మా ఊరికొస్తూ అమ్మీ తనతో తెచ్చుకున్న ఆస్తి ఢోలక్ పాటలు. హైదరాబాద్ దఖ్నీ ఇళ్ళల్లో పెళ్ళంటే మాంజా, సాంచక్, మెహందీ. ఆ రాత్రుళ్ళు ఆడవాళ్ళంతా ఒక గదిలో చాప పరుచుకుని కూచుంటారు. ఒకామె ఢోలక్ ఒళ్ళో పెట్టుకుంటుంది, ఇంకొకామె చెంచాతో దానిమీద తాళం వేస్తుంది. సమధిన్‌ని ఎత్తిపొడిచే పాటలు, అత్తని ఏడిపించే పాటలు, పిల్ల వెళ్ళిపోతోందని తల్లి కుమిలిపోయే పాటలు. రాసిన కవి ఎవరో తెలీదు. నోటినుంచి నోటికి వచ్చినవి. మగాళ్ళకి ఆ గదిలో పని లేదు.

ఢోలక్‌కి రెండు ముఖాలు. కుడివైపు సన్నటి మోత. ఎడమవైపు తోలుకి లోపల మసాలా పూస్తారు. ఆ బరువుకి మోత కిందికి దిగుతుంది. అమ్మీ ఎడమచేతి మణికట్టు ఆ తోలుమీద జారితే గదిలో నేల కదిలినట్టుండేది. పాట పాడేవాళ్ళనీ చప్పట్లు కొట్టేవాళ్ళనీ అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆ ఎడమచేతి సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. అది ఆగినప్పుడు మాత్రం పాట చెప్పుల్లేని కాళ్ళలా తడబడేది. తర్వాత రేడియోలో ఇళయరాజా పాటలు విన్నప్పుడు, కింద ఎవరో గాయకుడితో సమానంగా నడుస్తున్నట్టు అనిపించేది. అది బేస్ గిటారని బి.ఏ. చదివేటప్పుడు ఒక స్నేహితురాలు చెప్పింది. నాకది అమ్మీ ఎడమచేతికి దూరపు చుట్టంలా వినిపించింది.

అమ్మీ పోయాక ఆ ఢోలక్ మా ఖాలా కూతురికి వెళ్ళింది. ఆమె బాగా వాయిస్తుంది. నాకు ఆ గదిలో చోటు కావాలి, ఆ కింది స్వరం కావాలి. ఢోలక్ ఆమెదయింది కాబట్టి ఆ స్వరాన్ని నేను తీగలమీద వెతుక్కోవాలనుకున్నాను. నా అవసరం చాలా చిన్నది. చాపమీద కూచుని ఒళ్ళో పెట్టుకునేది కావాలి. పక్కనున్న ఆమె తలకి తగలకూడదు. టోలీచౌకీలో మా ఇల్లు రెండు గదులు. రాత్రి పదకొండింటికి డ్యూటీ నుంచి వచ్చాక ఎవర్నీ లేపకుండా సాధన చేసుకోవాలి, అంటే కరెంటు లేకుండా నా చెవి వరకైనా మోగాలి. పెళ్ళి హాలుకి వెళ్తే వైరు తగిలించి స్పీకర్లో పెట్టుకునే వీలుండాలి. దుకాణాల భాషలో దీన్ని ఎకూస్టిక్-ఎలక్ట్రిక్ బేస్ అంటారు. అందులోనూ చిన్నది.

దుకాణంలో కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు.

"పిల్లలకా మేడమ్?"

"నాకే."

"లేడీస్‌కి యుకులేలే బాగుంటుంది మేడమ్. తేలిక."

"బేస్ కావాలి బాబూ."

గోడమీంచి ఒకటి దించి ఇచ్చాడు. ఎడమచేతిని దాని మెడ చివరికి చాచేసరికి భుజం లాగేసింది. చూపుడువేలు మొదటి మెట్టుమీద పెడితే చిటికెనవేలు నాలుగో మెట్టుకి అందలేదు. చిన్నవి లేవా అని అడిగాను.

"ఇది ఫుల్ సైజ్ మేడమ్. మిగతావన్నీ షార్ట్. సీరియస్‌గా నేర్చుకునేవాళ్ళు ఇదే తీసుకుంటారు."

ఫోన్ నంబరు రాసుకుంటూ పేరడిగాడు. చెప్పాను. తలెత్తి చూశాడు. "అరె, మీరు తెలుగు భలే మాట్లాడుతున్నారే!"

ఒకే పూట రెండు కొలతలు. గిటారుకి చెయ్యి పొట్టి. తెలుగుకి పేరు పొడుగు.

ఇంటికొచ్చి ఆ ఫుల్ సైజు పుట్టుపూర్వోత్తరాలు తీశాను. పత్రికలవాళ్ళకి ఉండే జబ్బు అది. బేస్ గిటారులో తీగ మోగే నిడివి, అంటే పైనున్న మొదలు నుంచి కింద బ్రిడ్జి దాకా, 34 అంగుళాలు ఉంటే దాన్ని పూర్తి కొలత అంటారు. ఈ 34 ఎక్కడిది? 1951లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన ప్రిసిషన్ బేస్ అనే వాద్యాన్ని మార్కెట్లోకి తెచ్చాడు. దాని కొలత అది. లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే దుకాణం నడిపి పైకొచ్చిన మనిషి. గిటారు వాయించడం ఆయనకి రాదు. గొప్ప పనివాడు, అందులో సందేహం లేదు. ఆయన వాద్యం బాగా అమ్ముడుపోయింది, మిగతావాళ్ళు దాన్ని చూసి తయారుచేశారు, చూస్తూ చూస్తూ అది ప్రమాణమైపోయింది.

తమాషా ఏమిటంటే ఆ 34 కూడా ఒకప్పటి పొట్టిదే. దానికి ముందు బేస్ అంటే నిలబెట్టి వాయించే డబుల్ బేస్. దాని తీగ నిడివి 41, 42 అంగుళాలుంటుంది. ఆ లెక్కన ఫెండర్ చేసింది ఏడెనిమిది అంగుళాలు కోసిన వాద్యం. పైగా అది కూడా మొదటిది కాదు. 1930లలోనే సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన ఆడియోవాక్స్ పేరుతో మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ చేశాడు. ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని వాయించేది. దాని నిడివి 30 అంగుళాల పైన కొంచెం. అంటే పొట్టిదని ఇవాళ మనం పేరు పెట్టినదే ముందు పుట్టింది!

ఇంకో ముచ్చట. సింఫనీ ఆర్కెస్ట్రాల్లో మనం చూసే డబుల్ బేసుల్లో చాలామటుకు ముప్పావు సైజువే. వాటి పేరే త్రీ-క్వార్టర్. అసలు పూర్తి సైజు వాయించేవాళ్ళు అరుదు. కానీ ఆర్కెస్ట్రాలో కోటు వేసుకుని నిలబడ్డ మనిషిని పట్టుకుని మీది ముప్పావు వాద్యమండీ అని ఎవరూ అనరు. ఒక పెద్ద గుంపు అంతా ముప్పావే వాడితే ముప్పావే పూర్తి అవుతుంది. గుంపు చిన్నదైతే పూర్తి కూడా ముప్పావు అవుతుంది. దీన్ని మైనారిటీలకి విడమరిచి చెప్పక్కర్లేదు.

పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొనుక్కున్న హాఫ్‌నర్ బేస్ నిడివి కూడా 30 అంగుళాలే. వయొలిన్ ఆకారంలో ఉంటుంది. ఆయనది ఎడమచేతి వాటం. ఆ వాద్యం రెండువైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి తనకి నప్పుతుందని, పైగా చవకని తీసుకున్నాడు. ఆ చవక, పొట్టి వాద్యంమీద ఆయన ఏం చేశాడో ప్రపంచానికి తెలుసు.

ఈ చరిత్ర చదువుతుంటే నాకు గిటార్లు మరుపొచ్చి మా ఇంటి భాష గుర్తుకొచ్చింది. మేం ఇంట్లో మాట్లాడేది దఖ్నీ. ఊళ్ళో వాళ్ళు దాన్ని తురకం అన్నారు. ఉర్దూ పత్రికలో పని చేసేటప్పుడు లక్నో యాసలో మాట్లాడే పెద్దలు దాన్ని విరిగిన ఉర్దూ అన్నారు. 'నక్కో' అంటే నవ్వేవాళ్ళు. 'హౌ' అంటే హిందీ సినిమా కమెడియన్‌ని చూసినట్టు చూసేవాళ్ళు. ఒకవైపు తెలుగుకి చాలం, ఇంకోవైపు ఉర్దూకి చాలం. రెండుచోట్లా షార్ట్.

మరి చరిత్ర ఏమంటుంది? 1591లో హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దఖ్నీలో పెద్ద దివాన్ రాశాడు. అప్పటికి ఢిల్లీలో కవులకి కవిత్వమంటే ఫార్సీయే. 1700లో వలీ దఖ్నీ ఢిల్లీ వెళ్ళి తన గజళ్ళు వినిపించాక, బజారులో మాట్లాడుకునే ఈ భాషలో కూడా ఇంత కవిత్వం చెప్పొచ్చా అని అక్కడివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. తర్వాత కొలబద్ద ఢిల్లీ, లక్నోల చేతికి పోయింది. ముందు పుట్టినది పొట్టిదయింది. ఆ వలీ సమాధిని 2002లో అహ్మదాబాద్‌లో పడగొట్టి, ఆ చోటుమీద తారురోడ్డు వేశారు. కొలబద్ద చేతికొచ్చినవాళ్ళు కొలిచి ఊరుకోరు. కొన్నిసార్లు చదును కూడా చేస్తారు.

తెలుగు పత్రిక డెస్కులో నేను ఇన్నేళ్ళుగా దిద్దుతున్న వాక్యం ఒకటుంది. "ఈ బస్తీలో తెలుగువాళ్ళు, ముస్లింలు కలిసిమెలిసి జీవిస్తున్నారు." రాసినవాళ్ళు మంచివాళ్ళే. సామరస్యం గురించే రాస్తారు. కానీ ఆ కామా చూడండి. ఆ కామాకి ఇవతల నేను తెలుగు కాకుండా పోతాను. ఒంగోలు దగ్గర దూదేకుల ఇళ్ళల్లో తెలుగు తప్ప ఇంకో భాష రానివాళ్ళు కూడా కాకుండా పోతారు. నేను ప్రతిసారీ 'తెలుగువాళ్ళు' కొట్టేసి 'హిందువులు' అని రాస్తాను. కొత్తగా చేరిన సబ్ ఎడిటర్లు, "రెండూ ఒకటే కదా మేడమ్" అంటారు. ఒకటి కాదమ్మా అని చెప్తాను.

సరే, కోపం కోపమే, ఫిజిక్స్ ఫిజిక్సే. పొట్టిది అనే మాట వెనక అంతా అన్యాయమే ఉందంటే అబద్ధమాడినట్టు. తీగకి దాని ధర్మం ఉంది. బేస్ గిటారులో అన్నిటికన్నా కింది తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపించాలి. తీగ పొట్టిదైతే స్వరం పైకి పోతుంది. సరిగ్గా సగం చేస్తే ఒక స్థాయి పైకి ఎగబాకుతుంది. 34 అంగుళాల తీగని 20కి కుదించి అదే స్వరం, అదే బిగువు కావాలంటే తీగ బరువు దాదాపు మూడింతలు చెయ్యాలి. లేదా బిగువు తగ్గించాలి, అప్పుడు తీగ వేలికింద వేలాడుతుంది. ఇంకోటి, ఆ 41 కంపనాల శబ్దతరంగం గాలిలో సుమారు 27 అడుగుల పొడవుంటుంది. దాన్ని ఒళ్ళో పట్టే చెక్కపెట్టె గట్టిగా తొయ్యలేదు. అందుకే 1972లో అమెరికాలో ఎర్నీ బాల్ కంపెనీ ఎర్త్‌వుడ్ అనే ఎకూస్టిక్ బేస్ చేసినప్పుడు దాని కడుపు అంత పెద్దదిగా చెయ్యాల్సొచ్చింది. దాన్ని కౌగిలించుకోవడానికి నాలాంటిదానికి రెండు జతల చేతులు కావాలి.

దీనికి విరుగుడు తీగలోనే దొరికింది. 1980ల నడుమ ఇంగ్లండులో ఇద్దరు పనివాళ్ళు ఆష్‌బరీ అనే బుల్లి బేస్ రూపొందించారు. నిడివి 18 అంగుళాలు. తీగలు సిలికాన్ రబ్బరువి. రబ్బరు లావుగా ఉన్నా మెత్తగా వంగుతుంది కాబట్టి పొట్టి నిడివిలో కూడా కింది స్వరం పలికింది. తర్వాత కాలా అనే యుకులేలేల కంపెనీ యూ-బేస్ పేరుతో 20, 21 అంగుళాలవి తెచ్చింది. వాటికి పాలీయురేథేన్ తీగలు. 2017లో టేలర్ కంపెనీ 23న్నర అంగుళాల చిన్న బేస్ తెచ్చింది. దాని తీగల లోపల నైలాన్, పైన లోహపు చుట్టు. ఇవన్నీ పెద్ద బేస్ పలికే స్వరాలే పలుకుతాయి. స్థాయిలో తేడా లేదు. గాలిని తోసే బలంలోనే తేడా. ఆ బలానికి బ్రిడ్జి దగ్గర పియెజో పికప్ అమరుస్తారు. తీగ ఒత్తిడిని అది విద్యుత్తుగా మారుస్తుంది, చిన్న బ్యాటరీతో నడిచే యంత్రం దాన్ని పెంచి వైరుకి అందిస్తుంది.

వైరు లేనప్పుడు కూడా ఆ బుల్లి పెట్టె నుంచి కింది స్వరం వినిపిస్తుందే, అదెట్లా? ఇక్కడ చెవి చేసే మాయ ఒకటుంది. 41 కంపనాల స్వరంతోపాటు దాని రెండింతలు, మూడింతలు, నాలుగింతలు కూడా మోగుతుంటాయి. పెట్టె ఆ పై స్వరాలనే బాగా పంపిస్తుంది. మన మెదడు వాటి మధ్య వరస పట్టుకుని, సరిగా అందని అసలు స్వరాన్ని తనే పూరించుకుంటుంది. చిన్న ట్రాన్సిస్టర్లో బేస్ వినిపించినట్టు అనిపించడం కూడా ఈ లెక్కే.

ఇది చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను. నా పేరు వినగానే మనుషులు చేసే పని ఇదే కదా! పేరు ఒక్కటి చెవిన పడితే చాలు, మిగతాదంతా వాళ్ళే పూరించుకుంటారు. బురఖా, బిర్యానీ, ముగ్గురు సవతులు, పాకిస్తాన్ క్రికెట్. సంగీతంలో చెవి పూరించుకునేది నిజంగా ఉండాల్సిన స్వరమే. మా విషయంలో పూరించుకునే స్వరం ఎవరో మోగించి పోయినది.

మళ్ళీ గిటారు దగ్గరికి. ఈసారి చెయ్యి కొలుచుకుని బయల్దేరాను. మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టు దాకా 34 అంగుళాల బేస్‌లో దాదాపు 13 సెంటీమీటర్లు. 30 అంగుళాల దాంట్లో పదకొండున్నర. 23 అంగుళాల దాంట్లో 9 లోపు. 20 అంగుళాల దాంట్లో 7న్నర. నా చెయ్యి 11. ఇక ఎవరి సలహా అక్కర్లేదు, లెక్క ఉంది.

30 అంగుళాల ఎలక్ట్రిక్ ఒకటి ఎత్తిచూశాను. వేళ్ళు ఇంచుమించు అందాయి. కానీ అది ముద్ద చెక్క. వైరు పెట్టకపోతే నోరు మెదపదు. రాత్రి పదకొండు గంటల సాధనకి పనికిరాదు, చాపమీద ఒళ్ళో బరువు. 20 అంగుళాల రబ్బరు తీగలది ఒళ్ళో పసిపిల్లలా ఒదిగింది. కింది స్వరం పుట్టలోంచి వచ్చినట్టు గుండ్రంగా ఉంది. కానీ ఆ తీగలు మెత్తన. కొంచెం ఎక్కువ ఒత్తితే స్వరం పక్కకి జారుతుంది. కొత్తగా బిగించాక కొన్ని రోజులపాటు సాగుతూనే ఉంటాయి. వేలి చెమటకి పట్టుకుంటాయి. చాలామందికి అవి ఇష్టం. డబుల్ బేస్ వాసన వస్తుందంటారు. నా వేళ్ళకి నిలకడగా ఎదురునిలిచే తీగ కావాలి. ఇది ఒకరికి ఒకరు చెప్పే విషయం కాదు. ఎవరి వేళ్ళు వాళ్ళవి.

చివరికి పై చదువులకి విదేశం వెళ్తున్న ఒక కుర్రాడి దగ్గర 23 అంగుళాల చిల్లరది దొరికింది. నా నెల జీతంలో సగంపైన అయింది. కొనేముందు నేను చూసుకున్నవి చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయి. నించుని కాదు, మీరు నిజంగా ఎలా కూచుని వాయిస్తారో అలా కూచుని చూడండి. నేను దుకాణాల్లో కింద బాసింపట్టు వేసుక్కూచున్నాను, చూసేవాళ్ళు చూశారు. చెయ్యి వదిలేస్తే మెడ కిందికి వాలిపోతోందా చూడండి, వాలితే మీ ఎడమచెయ్యి దాన్ని మోయడంతోనే అలిసిపోతుంది. ఒట్టి తీగనీ, పన్నెండో మెట్టు దగ్గరనీ మోగించి వినండి. రెండూ ఒకే స్వరం, ఒక స్థాయి తేడాతో పలకాలి. పలక్కపోతే పైకి వెళ్ళేకొద్దీ అపశ్రుతి. వైరు తగిలించి నాలుగు తీగలూ సమానంగా వినిపిస్తున్నాయా చూడండి. పియెజోలో ఒక్కోసారి ఒక తీగ మూగబోతుంది. స్పీకరుకి దగ్గరగా కూచుంటే బోలు పెట్టె కూత పెడుతుంది, కాస్త దూరం జరగాలి. వాయించడం అయిపోగానే వైరు పీకెయ్యండి. చాలా వాటిలో వైరు ఉన్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది.

ఇంటికి తెస్తే ఖాలా కళ్ళజోడు పెట్టుకుని చూసింది. వైరు లేకుండానే ఒక తీగ మీటాను. "ఏఁ గే! ఇత్తీ సీ చీజ్ మేఁ సే ఇత్తీ మోటీ ఆవాజ్!" అంది. ఇంత చిన్నదాంట్లోంచి ఇంత లావు గొంతా అని. ఆమె ఆశ్చర్యమే నాకు పెద్ద సర్టిఫికెట్.

అన్నయ్య కొడుకు మాత్రం ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "ఫుప్పూ, ఇది జాయెజ్ కాదు. మీకు తెలీదా?" అన్నాడు. బాగా చదువుకున్న పిల్లాడు, ఐదు పూటలా నమాజు తప్పడు, నా ఆరోగ్యం గురించి రోజూ ఫోన్ చేసేవాడు. ఈ వాదం మా ఇళ్ళల్లో కొత్త కాదు. వాద్యాలు కూడదనే ఉలమా ఉన్నారు. ఖవ్వాలీని ఇబాదత్‌లా వినే చిష్తీ దర్గాలూ ఉన్నాయి. డఫ్ వరకు ఫరవాలేదనేవాళ్ళున్నారు. వందల ఏళ్ళుగా అందరూ ముసల్మాన్లుగానే వాదించుకున్నారు. "బేటా, మీ దాదీ ఢోలక్ వాయించినప్పుడు ఈ ఇంట్లోనే పుట్టావు. ఆమె నమాజు కూడా తప్పలేదు" అన్నాను. అతను ఒప్పుకోలేదు. నేను వాయించడం మానలేదు. ఇప్పటికీ అతను వస్తే నేను గిటారు పక్కన పెడతాను, అతను వచ్చేముందు ఫోన్ చేస్తాడు. ఒకరి మర్యాద ఒకరం అట్లా కాపాడుకుంటున్నాం. దీనికి తీర్పు చెప్పమని మేం బయటివాళ్ళని ఎవర్నీ పిలవలేదు.

బయటివాళ్ళు పిలవకుండానే వస్తారు, అది వేరే సంగతి. గిటారు సంగతి తెలిసిన ఒక సెక్యులర్ మిత్రుడు సంబరపడిపోయి నాకు షేక్ చిన మౌలానా నాదస్వరం వీడియో పంపాడు. కింద ఒక మాట రాశాడు: "ఇలాంటి ముస్లింలు కావాలి." చిన మౌలానా 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. తరతరాలుగా నాదస్వరం వాయించే ఇల్లు. తంజావూరు బాణీ సాధించి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది, 1999లో పోయారు. ఆయన వాయిద్యం వింటే నాకు కూడా ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ఆ మహావిద్వాంసుణ్ణి కొలబద్ద చేసి నా వీపున ఆనిస్తే ఎట్లా? ఆయన గుడి ముందు వాయించింది విద్య ఉండి, వంశవృత్తి అయి, దానిమీద ప్రేమ ఉండి. మిగతా ముస్లింలని కొలవడానికి అంగుళాలు గీసిన చెక్క కావడానికి కాదు. 'మంచి ముస్లిం' కూడా ఒక ఫుల్ సైజే. ఆ మెడకి నా చెయ్యి అందదు.

ఆ నాదస్వరంలోనే మనకి కావలసిన పాఠం కూడా ఉంది. నాదస్వరంలో పొట్టిదీ, పైశ్రుతిలో పలికేదీ తిమిరి. పొడుగుదీ, కిందిశ్రుతిదీ బారి. ఇప్పుడు కచేరీల్లో వినేది ఎక్కువగా బారి. టి.ఎన్. రాజరత్నం పిళ్ళై తనకి కావలసిన గాంభీర్యం పాతదాంట్లో దొరక్క, నరసింగంపేటలో రంగనాథన్ ఆచారితో కలిసి దాన్ని కుదుర్చుకున్నారు. అంటే మనిషి ఊపిరికోసం చెక్క మారింది. వాద్యం ఎక్కడైనా అంతే. పొడుగు కావలసినవాడు పొడుగు చేయించుకుంటాడు, పొట్టి కావలసిన దాన్ని నేను. ఇందులో ఒకటి ఎక్కువా, ఇంకొకటి తక్కువా ఎట్లా అవుతుంది?

ఈమధ్య మా ఖాలా మనవరాలి మాంజా రాత్రి నా గిటారు మొదటిసారి ఆ గదిలోకి వచ్చింది. ఢోలక్ పాటలకి శ్రుతిపెట్టె ఉండదు. పాట ఎత్తుకున్నామె గొంతే శ్రుతి. ఆమె షడ్జం నా మెట్లకి అటూఇటూ కాకుండా మధ్యలో పడింది. గబగబా తీగలు కొంచెం దించుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. షడ్జం, పంచమం, మళ్ళీ షడ్జం. అంతకన్నా ఏమీ వాయించలేదు, అక్కర్లేదు కూడా. ఢోలక్ ఎడమముఖం మోగినచోట నేనూ మోగాను. కాసేపటికి ఎవరూ నావైపు చూడటం మానేశారు. చప్పట్లు మాత్రం గట్టిపడ్డాయి. బేస్ వాయించేవాళ్ళకి అంతకు మించిన మెప్పు లేదు.

సన్నగా ఉన్నా ఎక్కడికక్కడ వినబడే గొంతులు మన దేశంలో చాలా ఉన్నాయి. కింద ఉండి నడిపించేవాళ్ళు తక్కువగా వినబడతారు. మా ఊరి బ్యాండుమేళంలో పెద్ద డోలు మోసినవాళ్ళూ, దూది ఏకి ఊరందరి పరుపులూ కుట్టినవాళ్ళూ, పీర్ల పండగకి ఊరంతటికీ నిప్పులగుండం తవ్వినవాళ్ళూ ఆ కిందివాళ్ళే. వాళ్ళెవరూ కామాకి అవతల లేరు. ఈ వారం కూడా డెస్కులో ఆ వాక్యం వచ్చింది. ఈ వారం కూడా దిద్దాను.

బేస్ నేర్చుకోవాలని మీకెవరికైనా ఉంటే, పెద్దది చేతికి రాలేదని మానెయ్యకండి. వయసు మించిపోయిందని, చెయ్యి చిన్నదని, ఆడదానివని, మీవాళ్ళెవరూ వాయించలేదని ఎవరన్నా అంటే విని ఊరుకోండి. దుకాణానికి వెళ్ళేముందు మాత్రం టేపు తీసి మీ చెయ్యి కొలుచుకోండి. గిటారుని వాళ్ళు ముందే కొలిచి పెట్టారు.